బ్రెడ్ మెషీన్‌లో మన గోధుమ పిండితో బ్రెడ్

మెషీన్ కొన్న కొత్తలో నాకు వరసగా మూడుసార్లు ఇటుకలాంటి బ్రెడ్ వచ్చింది. తప్పు మెషీన్‌ది కాదు, దాంతో వచ్చిన పుస్తకంలో నీళ్ల కొలత మన చపాతీ పిండికి సరిపోదు. మరలో రాళ్ల మధ్య నలిగిన పిండి నీళ్లు ఎక్కువ తాగుతుంది, పొట్టు కూడా అందులోనే ఉంటుంది కాబట్టి ఇంకా తాగుతుంది.

700 గ్రాముల సైజుకి నా కొలతలు ఇవి: గోధుమ పిండి 400 గ్రాములు, నీళ్లు 310 మిల్లీలీటర్లు, నూనె 2 టేబుల్ స్పూన్లు, బెల్లం తురుము 2 టేబుల్ స్పూన్లు, ఉప్పు 7 గ్రాములు, ఇన్‌స్టంట్ ఈస్ట్ 4 గ్రాములు. కప్పులతో కొలవకండి, వంటింటి త్రాసు మీద తూచండి, ఎందుకంటే అదే కప్పులో పిండి నొక్కి పోస్తే ఒక బరువు, వదులుగా పోస్తే ఇంకో బరువు. ఈస్ట్ ప్యాకెట్ తెరిచి చాలా రోజులైతే, గోరువెచ్చని నీళ్లలో చిటికెడు పంచదారతో కలిపి పది నిమిషాలు ఉంచండి. నురగ రాకపోతే పారేయాల్సిందే.

ముందు పిండి, నీళ్లు మాత్రమే గిన్నెలో వేసి రెండు మూడు నిమిషాలు తిప్పి, మెషీన్ ఆపి అరగంట వదిలేయండి. పొట్టు గరుకుగా ఉంటే పిండిలో సాగే గుణాన్ని తెంపేస్తుంది, నానితే మెత్తబడుతుంది. తర్వాత నూనె, బెల్లం, ఉప్పు ఒక పక్కన, ఈస్ట్ ఇంకో పక్కన వేసి హోల్ వీట్ ప్రోగ్రామ్ పెట్టండి. కొన్ని మెషీన్లలో ఆ ప్రోగ్రామే మొదట కాసేపు నానబెడుతుంది, అలాంటప్పుడు మీరు వేరే నానబెట్టక్కర్లేదు, అన్నీ ఒకేసారి వేయండి.

ఇక అసలు పని పిండి కలపడం మొదలైన పది నిమిషాలకు. మూత తీసి వేలితో ముట్టుకుని చూడండి, మూత తీస్తే పాడవుతుందన్న భయం ఈ దశలో అక్కర్లేదు. చపాతీ పిండంత గట్టిగా ఉంటే చాలదు, బొబ్బట్లకు కలిపే పిండిలా మెత్తగా, సాగేలా, వేలికి కొంచెం అంటీ అంటనట్టు ఉండాలి. పొడిగా ఉంటే ఒక్కో చెంచా నీళ్లు, గిన్నె అడుక్కి అంటుకుని ముద్ద కట్టకపోతే ఒక్కో చెంచా పిండి కలపండి. పిండి మారిస్తే నీళ్ల లెక్క కూడా మారుతుంది, అందుకే ఈ పరీక్ష ప్రతిసారీ చేయాలి. పొంగడం మొదలయ్యాక మాత్రం మూత ముట్టుకోకండి.

మే నెలలో ఫ్రిజ్ నీళ్లు వాడండి, ఈస్ట్ 3 గ్రాములకు తగ్గించండి. వేడికి తొందరగా పొంగిపోయి, కాలేటప్పుడు నడిమి భాగం కుంగిపోతుంది. ఉప్పు మర్చిపోయినా ఇలాగే కుంగుతుంది.

బీప్ రాగానే గిన్నెలోంచి తీసి, కింద గాలి ఆడేలా జాలీ మీద పెట్టండి, లేకపోతే ఆవిరికి అడుగు తడిసిపోతుంది. పూర్తిగా చల్లారడానికి గంటన్నరైనా పడుతుంది, ఈలోపు కోస్తే లోపల జిగటగా ఉండి ముక్క నలిగిపోతుంది. మైదా బ్రెడ్ అంత ఎత్తు రాదు, దూదిలా ఉండదు, కానీ పెనం మీద కాస్త నెయ్యి వేసి కాల్చి తింటే గోధుమ రుచి తెలుస్తుంది. రెండు రోజులకు మించి నిల్వ ఉంచాలంటే ముక్కలు కోసి ఫ్రీజర్‌లో పెట్టండి, ఫ్రిజ్‌లో పెడితే త్వరగా గట్టిపడుతుంది.