కడప నుంచి భూవిజ్ఞాన పరిశోధనకు: డిగ్రీ విద్యార్థులకు దారి

కడప ప్రాంతంలో డిగ్రీ చదువుతూ భూవిజ్ఞానంలో పైచదువులకు వెళ్లదలచిన విద్యార్థి దరఖాస్తుల కన్నా ముందు తన చుట్టూ ఉన్న రాళ్లతో పరిచయం పెంచుకోవాలి. భూవిజ్ఞాని విలియం కింగ్ 1872లో ఇక్కడి శిలలపై సమగ్ర నివేదిక వెలువరించిన తరువాత, ఎందరో పరిశోధకులు కడప బేసిన్‌ను, అంటే అవక్షేప శిలలు పొరలుగా పేరుకున్న ఈ ప్రాచీన పల్లపు ప్రాంతాన్ని, వెతుక్కుంటూ వచ్చారు. గండికోట దగ్గర పెన్నా నది కోసిన క్వార్ట్‌జైట్ పొరలు, వేంపల్లె డోలమైటు అనే కార్బొనేట్ రాతిలో సూక్ష్మజీవుల చాపలు మిగిల్చిన స్ట్రోమటోలైట్లనే పొరల నిర్మాణాలు, మంగంపేట బెరైటీస్ ఖనిజం, తుమ్మలపల్లె యురేనియం, ఇవన్నీ ఒక్క రోజు ప్రయాణంలో అందేవే. గనుల్లోకి వెళ్లాలంటే మాత్రం కళాశాల నుంచి ఉత్తరం తీసుకుని ముందే అనుమతి పొందాలి.

క్లినోమీటర్ కంపాస్‌తో పొరల దిశను, వాలును కొలిచి, స్థలం, తేదీ, బొమ్మలతో సహా నోటు పుస్తకంలో రాసుకోవాలి. ఇంటర్వ్యూలో ఆ పుస్తకమే మీ తరఫున మాట్లాడుతుంది. కార్బొనేట్ రాళ్లలో పెద్ద యురేనియం నిక్షేపం ఏర్పడటం అరుదు కదా, మరి తుమ్మలపల్లెలో అదెలా సాధ్యమైంది అన్నటువంటి ఒక ప్రశ్నను పట్టుకున్న విద్యార్థి తన పరిశోధనాసక్తిని వివరించడానికి అరువు మాటల కోసం వెతుక్కోనక్కరలేదు.

ఎమ్మెస్సీకి కడపలోని యోగి వేమన విశ్వవిద్యాలయం, తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం దగ్గరివి. బొంబాయి, ఖరగ్‌పూర్ వంటి ఐఐటీలకు జామ్ అనే ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్షలో జియాలజీ పేపరు రాయాలి. భౌతికశాస్త్రం, గణితం చదివినవారు నిరుత్సాహపడనక్కరలేదు. భూమిని భౌతికశాస్త్ర పద్ధతులతో పరిశీలించే జియోఫిజిక్స్‌కు ఆ పునాదే కావాలి, ఆంధ్ర, ఉస్మానియా విశ్వవిద్యాలయాల్లో ఆ శాఖలున్నాయి.

పీహెచ్‌డీకి సీఎస్‌ఐఆర్–యూజీసీ నెట్ అనే జాతీయ అర్హత పరీక్షలో భూ, వాతావరణ, సముద్ర, గ్రహ శాస్త్రాల పేపరు ముఖ్యం. అందులో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) సాధించినవారికి 2023 నుంచి నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్ వస్తోంది కాబట్టి, ఇంటి ఆర్థిక పరిస్థితి అంతంతమాత్రంగా ఉన్నవారు దీన్ని మొదటి లక్ష్యంగా పెట్టుకోవడం మేలు. పీహెచ్‌డీ ప్రవేశాలకు పనికొచ్చే మరో పరీక్ష గేట్; దాని స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. సర్కారు కొలువు కోరేవారికి యూపీఎస్సీ జియో సైంటిస్ట్ పరీక్ష వేరుగా ఉంది.

హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐకి గానీ మరో సంస్థకు గానీ దరఖాస్తు చేసేటప్పుడు సంస్థ పేరు కన్నా గైడు ఎంపిక ముఖ్యమని నా దృఢమైన అభిప్రాయం. ఆయన లేదా ఆమె ఇటీవలి పరిశోధనా పత్రాలు రెండు మూడైనా చదివి, వాటిలో మీకు తోచిన సందేహాన్ని, మీరు ఫీల్డులో చూసినదానిని కలిపి పది వాక్యాల్లో ఉత్తరం రాయండి. వేసవిలో కొన్ని వారాలు ప్రయోగశాలలో పనిచేసే అవకాశముందేమో కూడా అందులోనే అడగండి.