చిన్న తరగతుల్లో ఇంటర్నెట్ పాఠం: ఎక్కడ బెడిసికొడుతుంది, ఎలా సరిచేయాలి

ఒకటి నుంచి మూడో తరగతి వరకు పిల్లలకు ఇంటర్నెట్ సాయంతో పాఠం చెబుతున్నప్పుడు ఏదో ఒకటి బెడిసికొట్టడం మామూలే. అప్పుడు అందరి చూపూ ముందుగా రూటర్ మీదికి వెళ్తుంది. దాన్ని తిట్టుకునే ముందు ఒక్క సంగతి గమనించండి: ఇబ్బంది ఎందరికి వచ్చింది? ఒక్క ట్యాబ్‌లోనే అయితే లోపం ఆ ట్యాబ్‌ది. అన్నింట్లోనూ ఒకేసారి వస్తే కనెక్షన్‌ది. యంత్రాలన్నీ బాగానే నడుస్తున్నా పిల్లలు పక్కవాళ్ల పెన్సిళ్లు లాక్కుంటున్నారంటే, లోపం మనం ఇచ్చిన పనిలో ఉంది. నేను చూసినంతలో ఈ మూడో రకమే ఎక్కువ. అందుకే దానితోనే మొదలుపెడుతున్నాను.

సమస్య: వీడియో కళ్లప్పగించి చూశారు, అడిగితే ఒక్కరూ చెప్పలేకపోయారు

విత్తనం మొలకెత్తే వీడియో ఎనిమిది నిమిషాలు నడిచింది. తరగతిలో చిన్న శబ్దం కూడా లేదు. అయ్యాక ఏమి చూశారని అడిగితే "మొక్క" అన్నారు, అంతే.

కారణం: నిశ్శబ్దాన్ని మనం శ్రద్ధ అనుకున్నాం. ఆరేడేళ్ల పిల్లలు ఒకేసారి మనసులో నిలుపుకోగలిగేవి చాలా తక్కువ. వీడియో మాత్రం తన వేగంతో తాను పోతూనే ఉంటుంది. కొత్త మాట వినపడేలోపు కొత్త బొమ్మ వచ్చేస్తుంది. పైగా దేనికోసం చూడాలో వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

పరిష్కారం: ప్లే నొక్కే ముందు ఒక్క ప్రశ్న వేయండి. "వీడియోలో ఏముందో చూడండి" అనడం ప్రశ్న కాదు. "విత్తనంలోంచి ముందు బయటికి వచ్చేది వేరా, ఆకా?" అనేది ప్రశ్న. చేతులు ఎత్తించి, వేరు అన్నవాళ్లు ఎందరో, ఆకు అన్నవాళ్లు ఎందరో బోర్డు మీద రాయండి. ఇప్పుడు ప్రతి ఒక్కరికీ ఒక పక్షం ఉంది. మొదటిసారి శబ్దం ఆపేసి చూపించండి. గింజ పగిలే క్షణానికి కొంచెం ముందు ఆపండి. "ఆపకండి టీచర్!" అని అరుస్తారు, ఆ అరుపే మనకు కావాల్సింది. వేరు బయటపడ్డాక గెలిచినవాళ్ల గోల కాస్త సద్దుమణిగాక, రెండోసారి శబ్దంతో చూపించండి. తర్వాత కాగితం మీద నాలుగు గడులు గీసి, జరిగింది వరసగా బొమ్మలు వేయమనండి. ఏ గడిలో ఏది వేశారో చూస్తే ఎవరికి అర్థమైందో విడిగా పరీక్ష పెట్టి తెలుసుకోనక్కర్లేదు.

ఎనిమిది నిమిషాలూ చూపించాల్సిన పని లేదు. గూగుల్ స్లైడ్స్‌లో యూట్యూబ్ వీడియో పెట్టేటప్పుడు ఎక్కడ మొదలవ్వాలో, ఎక్కడ ఆగాలో సమయం ఇవ్వవచ్చు. మనకు కావాల్సిన రెండు నిమిషాలే తీసుకోవచ్చు. వ్యాఖ్యానం మరీ వేగంగా ఉంటే యూట్యూబ్‌లోనే వేగాన్ని 0.75కు తగ్గించవచ్చు.

రెండో నిమిషానికే కదలడం మొదలుపెట్టే తరగతికీ ఇదే మందు. అయితే దానికి ముందు చివరి వరసలో పిల్లవాడు కూర్చునే చోట, వాడి కళ్ల ఎత్తుకు వంగి తెర చూడండి. కిటికీ వెలుతురు పడి సగం తెర తెల్లబోయి ఉంటే, తప్పు ప్రశ్నదీ కాదు, పిల్లవాడిదీ కాదు.

సమస్య: లైవ్ కెమెరా పెడితే "ఏమీ జరగడం లేదు" అంటున్నారు

పక్షుల గూళ్ల దగ్గర, అక్వేరియంలలో, అడవిలోని నీటిగుంటల పక్కన పెట్టిన ప్రత్యక్ష ప్రసార కెమెరాలు నాకు చాలా ఇష్టం. తరగతి గదిలోకి మరే దారిలోనూ రానిది వాటిలోంచి వస్తుంది. అమెరికాలోని కార్నెల్ పక్షి పరిశోధనశాల గూళ్ల కెమెరాలు, మాంటెరే బే అక్వేరియం కెమెరాలు ఇలాంటివే. కానీ మొదటి రోజు దాదాపుగా విఫలమవుతుంది.

ఒక కారణం చాలా చిన్నది: కెమెరా ఉన్న దేశంలో అప్పుడు అర్ధరాత్రి. ముందురోజే అక్కడి సమయం చూసుకుంటే సరిపోతుంది. చీకటి తెర కనిపించినా నష్టమేమీ లేదు; "మనకు పగలైతే వాళ్లకు రాత్రి ఎందుకైంది?" అనే ప్రశ్న దానంతట అదే పుడుతుంది.

రెండో కారణం అసలైనది. పిల్లలకు తెలిసిన వీడియోల్లో పనికిరాని క్షణాలన్నీ కత్తిరించి ఉంటాయి. గుడ్ల మీద ఇరవై నిమిషాలు కదలకుండా కూర్చునే పక్షి వాళ్లకు కొత్త. దీనికోసం పీరియడ్ మొత్తం కేటాయించకండి. రోజూ ఒకే సమయానికి మూడు నిమిషాలు చాలు, గూడు ఖాళీ అయ్యేదాకా. గోడ మీద ఒక పట్టిక వేలాడదీయండి: గూటిలో ఎవరున్నారు, ఏమి చేస్తున్నారు, రేపు ఏమవుతుంది. పనంతా ఆ మూడో గడిలోనే జరుగుతుంది. రేపు గుడ్డు పగులుతుందని రాసిన పిల్ల మర్నాడు బడికి ఆలస్యంగా రాదు. రాయలేని వాళ్లు బొమ్మ వేస్తారు. రోజుకొకరు ఆ రోజు వార్త చదవాలి.

ఒక హెచ్చరిక. గూటిలో పక్షిపిల్లలు చనిపోవచ్చు, గద్ద ఎత్తుకుపోవచ్చు. తెర మీద వేసే ముందు మీ ఫోనులో ఒకసారి చూసుకోండి. దాచమని కాదు, మాట సిద్ధం చేసుకోవడానికి.

ఇలా రోజూ కాసేపు చూసేందుకు అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం కూడా బాగుంటుంది. అది ఇప్పుడు ఎక్కడుందో చూపించే పటాలు ఇంటర్నెట్‌లో ఉన్నాయి. భూమి చుట్టూ ఒకసారి తిరగడానికి దానికి సుమారు 90 నిమిషాలు పడుతుంది. ఉదయం ఒకసారి చూసి గ్లోబు మీద చుక్క అంటించండి, గంటన్నర తర్వాత మళ్లీ చూడండి. చుట్టు పూర్తయినా రెండో చుక్క మొదటి చుక్క మీద పడదు. ఈలోగా కింద భూమి తిరిగింది కాబట్టి పడమటికి జరుగుతుంది. రెండో తరగతి పిల్లలకు కారణం పూర్తిగా బోధపడకపోయినా, చుక్కలు జరుగుతున్నాయని కనిపెట్టేది మాత్రం వాళ్లే.

సమస్య: ట్యాబ్‌లో అన్ని మెట్లూ దాటేశారు, పుస్తకంలో అదే లెక్క రావడం లేదు

పది సెకన్లు పిల్లవాడి పక్కన నిలబడి వేలు కాకుండా కళ్లు చూడండి. చూపు ప్రశ్న మీద ఉందా, మూలన పెరుగుతున్న నాణేల మీద ఉందా?

మూడు జవాబుల్లో ఒకటి ఎంచుకోవాలి, తప్పు నొక్కినా పోయేదేమీ లేదు అంటే, మూడో నొక్కుకు జవాబు తప్పకుండా దొరుకుతుంది. పిల్లలు ఈ రహస్యం మనకంటే ముందే కనిపెడతారు. ఇంకో విచిత్రం కూడా ఉంది: కొన్ని యాప్‌లలో సరైన జవాబుకు చిన్న గంట మోగుతుంది, తప్పు జవాబుకు కప్ప బోల్తాపడుతుంది. కప్ప కోసం కావాలనే తప్పు నొక్కే పిల్లలున్నారు. వాళ్లను తప్పుపట్టలేం, కప్పే బాగుంది.

పరిష్కారం: ఇద్దరికి ఒక ట్యాబ్ ఇవ్వండి. ఒకరు జవాబు, అది ఎందుకో నోటితో చెప్పాలి. నొక్కే హక్కు రెండోవారిది. చెప్పినవారికి నొక్కే వీలు లేదు, నొక్కేవారికి సొంత నిర్ణయం లేదు. నాలుగు ప్రశ్నలకోసారి మారాలి. ఇలా చేస్తే ట్యాబ్‌లు చాలడం లేదన్న బెంగ కూడా సగం తీరుతుంది.

ఇంతకంటే మంచి దారి, జవాబులు నొక్కే యాప్‌లు తగ్గించి ఏదైనా తయారుచేసేవి పెంచడం. 2014లో వచ్చిన స్క్రాచ్ జూనియర్ అనే ప్రోగ్రామింగ్ యాప్ ఐదు నుంచి ఏడేళ్ల పిల్లల కోసం చేసింది. చదవడం రాకపోయినా బొమ్మల దిమ్మెలు వరసగా పేర్చి పిల్లిని నడిపించవచ్చు, గెంతించవచ్చు. ఒకసారి వేసుకుంటే ఇంటర్నెట్ లేకపోయినా పనిచేస్తుంది. అంతకన్నా తేలికైనది: పిల్లలు వేసిన బొమ్మను ఫోటో తీసి, దాని గురించి వాళ్ల గొంతుతోనే అరనిమిషం రికార్డు చేయించడం. రాయడం ఇంకా సరిగా రాని పిల్లవాడికి ఎంత తెలుసో మొదటిసారి బయటపడేది అక్కడే.

దీనికి తిరగబడ్డ లక్షణమూ ఉంది: జవాబు నోటితో సరిగ్గా చెబుతాడు, ట్యాబ్ తప్పంటుంది. అప్పుడు చేతిని చూడండి. వేలితో పట్టి లాగాల్సిన చోట చిన్నవాళ్ల వేలు మధ్యలో లేచిపోతుంది, బొమ్మ తప్పు గడిలో పడుతుంది. లేదా అరచేయి తెరకు ఆని ఉంటుంది. లాగడం బదులు నొక్కితే చాలే యాప్ చూడండి, ట్యాబ్‌ను ఒళ్లో కాకుండా బల్ల మీద పెట్టించండి.

సమస్య: పాస్‌వర్డ్‌లతోనే పీరియడ్ అయిపోతోంది

చాలా కీబోర్డుల మీద ఇంగ్లిష్ అక్షరాలన్నీ పెద్దబడిలో ఉంటాయి. మనం కార్డు మీద రాసిచ్చిన పాస్‌వర్డ్ చిన్నబడిలో ఉంటుంది. మనకు కనపడని ఈ గోడ ఆరేళ్ల పిల్లకు నిలువెత్తుగా ఉంటుంది. ఆపైన ఎల్ అక్షరమా, ఒకటి అంకెనా అన్న గొడవ.

వీలైన చోట క్యూఆర్ కార్డుతో లాగిన్ అయ్యే సేవలు ఎంచుకోండి. కార్డు చదవకపోతే రెండే చూడాలి: గళ్ల చుట్టూ తెల్లటి అంచు మిగిల్చారా, లామినేషన్ మీద దీపం మెరుస్తోందా. ఆ కార్డు తాళంచెవితో సమానం. ఇంటికి పంపకుండా తరగతిలోనే పెట్టెలో ఉంచండి. చాలా సేవలు 13 ఏళ్లలోపు పిల్లలను సొంత ఖాతా తెరవనివ్వవు. టీచర్ తెరిచే తరగతి ఖాతా వాడండి. అందులోనూ పూర్తి పేర్లు, పుట్టిన తేదీలు, ముఖం కనిపించే ఫోటోలు పెట్టకండి. తల్లిదండ్రులకు ముందే చెప్పండి.

సమస్య: వీడియో మధ్యలో ఆగి గిర్రున తిరుగుతోంది

యూట్యూబ్ చెప్పే లెక్క ప్రకారం 480పీ నాణ్యతకు (పీ ముందున్న అంకె పెరిగేకొద్దీ బొమ్మ స్పష్టంగా ఉంటుంది) సుమారు 1.1 ఎంబీపీఎస్ (సెకనుకు ఎన్ని మెగాబిట్లు వస్తాయన్న ఇంటర్నెట్ వేగం), 720పీకి 2.5, 1080పీకి 5 కావాలి. ఇరవై ట్యాబ్‌లలో ఒకేసారి 480పీ నడిపితే 22 ఎంబీపీఎస్. అదే వీడియో ఒక్క పెద్ద తెర మీద 720పీలో వేస్తే 2.5తో సరి. అందరూ చూడాల్సింది ఒకటే అయినప్పుడు ట్యాబ్‌లు పంచడం అనవసరం.

తెర ఒకటే అయినా ఆగుతుంటే రూటర్ పక్కకు వెళ్లి చూడండి. అక్కడ బాగుంటే అడ్డం గోడది. 5 గిగాహెర్ట్జ్ వైఫై వేగంగా ఉంటుంది కానీ గోడలు దాటడంలో బలహీనం, 2.4 ఎక్కువ దూరం పోతుంది కానీ రద్దీ ఎక్కువ. రూటర్‌ను ఇనుప బీరువాలో పెట్టి తాళం వేసే బడులున్నాయి. దొంగలు లోపలికి పోలేరు, సిగ్నల్ బయటికి రాదు. సెలవుల తర్వాత మొదటి రోజు నెమ్మదిగా ఉంటే ట్యాబ్‌లన్నీ ఒకేసారి అప్‌డేట్ అవుతున్నాయేమో చూడండి. ముందురోజు సాయంత్రమే ఆ పని కానివ్వండి.

సమస్య: వేరే బడితో వీడియో కాల్‌లో కీచుమంటోంది, ఒక్క మాటా వినపడదు

కీచుశబ్దానికి కారణం ఒకే గదిలో రెండు పరికరాలు అదే కాల్‌లో ఉండటం. ఒకదాని స్పీకరు మాట రెండోదాని మైకులోకి పోయి తిరిగి వస్తోంది. ఒక్కటే ఉంచి మిగతావాటి మైకు, స్పీకరు రెండూ ఆపండి.

గోలకు మందు వేరు. కెమెరా ముందు ఒక కుర్చీ వేసి, అందులో కూర్చున్నవారే మాట్లాడాలని నియమం పెట్టండి. మాట్లాడటానికి ఒక పని కూడా ఇవ్వండి. అవతలి బడి ఎక్కడుందో అవును, కాదు జవాబులతోనే కనిపెట్టే ఆట చాలా బాగా నడుస్తుంది: "మీ దగ్గర సముద్రం ఉందా?" "ఇప్పుడు మీకు చలిగా ఉందా?" మిగతా పిల్లలు పటం మీద కాని చోట్లను కొట్టేస్తూ పోతారు. మిస్టరీ స్కైప్ పేరుతో పేరుపొందిన ఆట ఇది. 2025 మేలో స్కైప్ మూతపడినా, ఆట ఏ వీడియో కాల్‌లోనైనా ఆడవచ్చు.

సమస్య: క్విజ్‌లో ఎప్పుడూ ఆ ముగ్గురే గెలుస్తున్నారు

కహూట్ వంటి క్విజ్ యాప్‌లలో మామూలుగా తొందరగా నొక్కినవారికి ఎక్కువ మార్కులు. కూడబలుక్కుని చదివే పిల్లలు ప్రశ్న పూర్తయ్యేలోపే ఓడిపోయి, ఆపై ఏదో ఒక రంగు నొక్కేస్తారు. ప్రశ్న మీరే గట్టిగా చదవండి, సమయం పెంచండి, లేదా మార్కులే తీసేయండి.

ప్లిక్కర్స్ అనే యాప్ నాకు ఇంకా నచ్చుతుంది. పిల్లలకు ట్యాబ్‌లు అక్కర్లేదు. ఒక్కొక్కరికి ఒక కాగితపు కార్డు. దాన్ని ఏ వైపు పైకి తిప్పి పట్టుకుంటే అది జవాబు. టీచర్ ఫోను కెమెరాతో గది అంతా ఒకసారి చూస్తే ఎవరు ఏమి చెప్పారో నమోదవుతుంది. కార్డుల నల్లటి ఆకారాలు ఒక్కొక్కటి ఒక్కోలా ఉంటాయి కాబట్టి పక్కవాడిది చూసి కాపీ కొట్టడం కష్టం. కొందరివి నమోదు కాకపోతే వేళ్లు ఆ ఆకారాన్ని మూసేస్తున్నాయని అర్థం. అంచులు పట్టుకోవడం నేర్పితే చాలు.

చిన్న చిన్నవి

తర్వాతి వీడియో దానంతట అదే మొదలై ఏదేదో వస్తుంటే ఆటోప్లే ఆపండి. గూగుల్ వెతుకులాటలో అసభ్యమైనవి వడకట్టే సేఫ్‌సెర్చ్ పెట్టండి. రూటర్‌లో డీఎన్‌ఎస్‌గా (సైట్ పేరును దాని అంకెల చిరునామాగా మార్చే సేవ) క్లౌడ్‌ఫ్లేర్ వారి 1.1.1.3 ఇస్తే పెద్దల సైట్లు చాలావరకు ఆగిపోతాయి. అయినా ఏ జల్లెడా టీచర్ కళ్లకు బదులు కాదు.

పిల్లలు యాప్‌లోంచి బయటికి పోతుంటే ఐప్యాడ్‌లో గైడెడ్ యాక్సెస్, ఆండ్రాయిడ్‌లో స్క్రీన్ పిన్నింగ్ వాడండి.

ఒకప్పుడు బాగా ఆడిన పాత ఆట ఇప్పుడు తెరుచుకోకపోతే అది ఫ్లాష్ అనే పాత సాఫ్ట్‌వేర్‌తో చేసింది కావచ్చు. 2020 చివరితో ఫ్లాష్‌కు కాలం చెల్లింది. రిపేరు కోసం సమయం వృథా చేయకండి, వేరే ఆట చూడండి.

సమస్య: ట్యాబ్ తీసుకుంటే ఏడుపు

"ఇంకా ఐదు నిమిషాలు" అంటే ఆరేళ్ల పిల్లవాడికి ఏమీ చెప్పనట్టే. లెక్కపెట్టగలిగేది చెప్పండి: "ఇంకా రెండు బొమ్మలు." చేసింది దాచుకునే వీలు ముందు ఇవ్వండి, సగం వేసిన బొమ్మ పోతుందనే భయంతోనే చాలా ఏడుపులు వస్తాయి. తర్వాతి పని బల్ల మీద అప్పటికే సిద్ధంగా ఉండాలి. ట్యాబ్‌ల మీద, అరల మీద ఒకే అంకెలు అంటించి, వాటిని ఛార్జింగ్‌కు పెట్టే పని రోజుకు ఇద్దరికి అప్పగించండి. అందరికంటే గట్టిగా ఏడ్చేవాడికి ఆ పని మొదట ఇవ్వండి.