వ్యతిరేక వాక్యం నుంచి ఏది తేలుతుంది, ఏది తేలదు

అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో ఉదయాన్నే ఒక సందేశం వస్తుంది: ‘ఈ రోజు అందరి ఇళ్లకూ మంచినీళ్లు రాలేదు.’ ఒకరు దాన్ని చదివి ఏ ఇంటికీ నీళ్లు రాలేదని తీర్మానించుకుని ట్యాంకరుకు ఫోన్ చేస్తారు. మరొకరు కొన్ని ఇళ్లకు వచ్చి కొన్నింటికి రాలేదని అర్థం చేసుకుని తమ కుళాయి తిప్పి చూస్తారు. వాక్యం ఒకటే అయినా దానికి రెండు అర్థాలున్నాయి, రెండింటి నుంచి తేలే విషయాలు వేరు. ఇలాంటి వాక్యాల నుంచి న్యాయంగా ఏం తేల్చవచ్చో చూసే పద్ధతి కష్టమైనది కాదు. ఓపిక మాత్రం కావాలి.

పోటీ పరీక్షల రీజనింగ్ పేపర్లలో ‘ప్రకటనలు, నిర్ధారణలు’ చేసినవారికి ఒక సంగతి అలవాటై ఉంటుంది. ఒక వాక్యం నిజమని ఒప్పుకున్నాక మరో వాక్యం గురించి మూడు తీర్పులు సాధ్యం: అది తప్పక నిజం, తప్పక అబద్ధం, లేదా ఇంతవరకు చెప్పినదాన్ని బట్టి చెప్పలేం. నిత్యజీవితంలో మనం మొదటి రెండింటికే తొందరపడతాం కానీ, వ్యతిరేక వాక్యాల విషయంలో సరైన తీర్పు చాలాసార్లు మూడోదే అవుతుంది. దీన్ని పరీక్షించడానికి ఒకే ప్రశ్న చాలు. మొదటి వాక్యం నిజమై, రెండోది అబద్ధమైన పరిస్థితిని ఒక్కదాన్నైనా ఊహించి చెప్పగలమా? చెప్పగలిగితే రెండోది మొదటిదాని నుంచి తేలదు.

అన్నిటికంటే ముందు చేయవలసింది, ఆ వాక్యం దేన్ని కాదంటోందో, ఎక్కడ కాదంటోందో స్థిరపరచుకోవడం. పదిహేడో శతాబ్దపు ఆంధ్ర పండితుడు అన్నంభట్టు ‘తర్కసంగ్రహం’లో అభావాన్ని, అంటే లేకపోవడాన్ని, నాలుగు విధాలుగా చెప్పాడు. వస్తువు పుట్టకముందు ఉండేది ప్రాగభావం, నశించాక ఉండేది ప్రధ్వంసాభావం, నేల మీద కుండ లేదు అన్నప్పటిది అత్యంతాభావం, కుండ వస్త్రం కాదు అన్నప్పటిది అన్యోన్యాభావం. ఏది లేదో దాన్ని ప్రతియోగి అంటారు, ఎక్కడ లేదో దాన్ని అధికరణం అంటారు. ఈ రెండు ప్రశ్నలూ వేయకుండా అభావం గురించి మాట్లాడకపోవడం న్యాయదర్శనం, అంటే మన తర్కశాస్త్రం, నేర్పే క్రమశిక్షణ, అది ఈనాటికీ అక్షరాలా పనికొస్తుంది. ‘బిల్లు ఇంకా రాలేదు’ అంటే రావలసి ఉందని వక్త భావిస్తున్నట్టు. ‘ఆ కొట్టు ఇప్పుడు లేదు’ అంటే ఒకప్పుడు ఉండేదని చెబుతున్నట్టు. ‘సంచిలో తాళంచెవి లేదు’ అన్న మాట సంచి గురించి చెబుతుందే తప్ప ఇంటి గురించి ఏమీ చెప్పదు. ‘ఇది మా తాళంచెవి కాదు’ అన్న మాటలో తాళంచెవి ఎదురుగానే ఉంది, కాకపోతే అది మనది కాదు.

దేన్ని కాదంటున్నామన్నది వాక్యనిర్మాణాన్ని బట్టి మారుతుంది. ‘లక్ష్మి నిన్న బస్సులో హైదరాబాదు వెళ్లలేదు’ అని రాస్తే, ఆ వివరాలన్నీ కలిసిన సంఘటన జరగలేదన్నంత వరకే ఖాయం. ఆమె అసలు వెళ్లలేదేమో, మొన్న వెళ్లిందేమో, రైల్లో వెళ్లిందేమో. అదే ‘లక్ష్మి నిన్న హైదరాబాదు వెళ్లింది బస్సులో కాదు’ అని రాస్తే ప్రయాణం జరిగిందన్నది అంగీకృతం, కాదన్నది వాహనాన్ని మాత్రమే. మాట్లాడేటప్పుడు ఈ తేడాను మాట మీద పెట్టే నొక్కు తెలియజేస్తుంది, రాతలో ఆ సాయం ఉండదు కనుక చదివేవారే వాక్యాన్ని విడదీసి చూసుకోవాలి.

కొన్ని క్రియలను వ్యతిరేకంలో వాడినా వాటి వెనక ఉన్న విషయం చెక్కుచెదరకుండా నిలుస్తుంది. ‘ఆయన సిగరెట్లు మానలేదు’ అన్నా, ‘మానేశాడు’ అన్నా, గతంలో కాల్చేవాడన్నది రెండింటిలోనూ ఉంది. ‘రవికి ఉద్యోగం వచ్చిందని వాళ్ల నాన్నకు తెలియదు’ అంటే ఉద్యోగం వచ్చినట్టే. ‘రవికి ఉద్యోగం వస్తుందని వాళ్ల నాన్న అనుకోవడం లేదు’ అంటే ఉద్యోగం సంగతి ఏమీ తేలదు, పైగా వినేవారు ‘రాదని అనుకుంటున్నాడు’ అనే అర్థం తీసుకుంటారు. ‘వస్తుందని చెప్పలేదు’ అన్న మాటను మాత్రం ‘రాదని చెప్పాడు’ అని తిప్పకూడదు, ఎందుకంటే ఆయన అసలు నోరు విప్పలేదేమో. కుటుంబాల్లో, ఆఫీసుల్లో ఒకరి మాట మరొకరికి చేరేసరికి మారిపోయే చోటు చాలాసార్లు ఇదే.

ఇక అసలు మెళకువ దగ్గరికి వద్దాం. సానుకూల వాక్యంలో చిన్న వర్గం నుంచి పెద్ద వర్గానికి వెళ్లవచ్చు. ‘వంకాయలు కొన్నాను’ నిజమైతే ‘కూరగాయలు కొన్నాను’ కూడా నిజమే, కానీ వెనక్కి రాలేం. వ్యతిరేకం చేరగానే ఈ దారి తలకిందులవుతుంది. ‘కూరగాయలు కొనలేదు’ నిజమైతే ‘వంకాయలు కొనలేదు’ తప్పక నిజం, కానీ వంకాయలు కొననంత మాత్రాన బెండకాయలు కూడా కొనలేదని అనలేం. కాలానికీ, స్థలానికీ ఇదే వర్తిస్తుంది. ఈ వారమంతా వాన పడలేదంటే మంగళవారం పడలేదు, మంగళవారం పడలేదంటే వారమంతా సంగతి తెలియదు. ‘బండి నడపలేదు’ అంటే వేగంగానూ నడపలేదు, ‘వేగంగా నడపలేదు’ అంటే బండి నడపనేలేదని కాదు. పల్లీలు పడని పిల్లవాడి తల్లి హోటల్లో అడిగినప్పుడు ‘పల్లీ నూనె వాడలేదండీ’ అని జవాబు వస్తే ఆమె అక్కడితో ఆగకూడదు. అది చిన్న వర్గాన్ని కాదన్న మాట, చట్నీలో పల్లీలు రుబ్బారేమో, కూరలో పల్లీ పొడి చల్లారేమో అది చెప్పదు. ‘పల్లీలు ఏ రూపంలోనూ వాడలేదు’ అన్న జవాబు వచ్చేదాకా అడగడం ఆమె హక్కు.

ఒకే వాక్యంలో రెండు వ్యతిరేకాలుంటే దారి మళ్లీ మొదటిలాగే అవుతుంది. ‘మా ఇంట్లో వంకాయ తిననివారు ఎవరూ లేరు’ నుంచి ‘ఏ కూరగాయా తిననివారు ఎవరూ లేరు’ అనేది తేలుతుంది, ఎందుకంటే మొత్తం మీద చెబుతున్నది అందరూ వంకాయ తింటారని. అందుచేత వాక్యం పొడవుగా ఉన్నప్పుడు వ్యతిరేకాలను వేలితో లెక్కపెట్టుకోవడం మంచిది. బేసి సంఖ్య వస్తే దారి తిరగబడుతుంది, సరి సంఖ్య వస్తే నిలబడుతుంది.

పరిమాణం చెప్పే మాటల్లో మరింత జాగ్రత్త కావాలి. ‘ఎవరూ రాలేదు’ అంటే వచ్చినవారు సున్నా. ‘ఎవరో రాలేదు’ అంటే కనీసం ఒకరు తగ్గారు. ‘అందరూ రాలేదు’ మాత్రం పైన చూసిన నీళ్ల సందేశంలా రెండు వైపులా మొగ్గుతుంది. అలాంటప్పుడు రెండు అర్థాల్లోనూ నిజమయ్యేదాన్నే పట్టుకోవాలి, అంటే కనీసం ఒకరు రాలేదన్నది. ‘కొందరు రాలేదు’ అనగానే మిగతావారు వచ్చారని అనిపిస్తుంది గానీ, అది వాక్యం నుంచి తేలినది కాదు, సూచన మాత్రమే. ‘కొందరు రాలేదు, నిజానికి ఒక్కరు కూడా రాలేదు’ అని వక్త తన మాట తనే ఖండించకుండా కొనసాగించగలడు కనుక ఆ తేడా తెలుస్తుంది. అంకెల్లో ‘వంద మందికి మించి రాలేదు’ అంటే వంద వరకు ఎంతైనా కావచ్చు, ‘వంద మంది కూడా రాలేదు’ అంటే తొంభై తొమ్మిది దాటలేదు. ఈ రెండు వాక్యాల నుంచీ నూట యాభై మంది రాలేదని చెప్పవచ్చు, ఎనభై మంది వచ్చారో లేదో చెప్పలేం.

రెండు వస్తువులను కలిపి కాదన్నప్పుడు పనికొచ్చే నియమాలకు డీ మోర్గాన్ పేరు స్థిరపడింది. ఆ గణితవేత్త 1806లో మదురైలో పుట్టాడు. ‘ఉల్లి గానీ వెల్లుల్లి గానీ వేయలేదు’ అంటే రెండూ లేవు. ‘ఉల్లినీ వెల్లుల్లినీ కలిపి వేయలేదు’ అంటే రెండింటిలో కనీసం ఒకటి లేదు, ఏది లేదో తెలియదు. వెల్లుల్లి తినని అతిథికి రెండో హామీ దేనికీ పనికిరాదు.

షరతులలో తప్పు జరిగే చోటు ఒక్కటే. ‘బిల్లు కట్టకపోతే కరెంటు కట్ చేస్తారు’ అన్న నియమం తప్పకుండా అమలవుతోందని అనుకుందాం. కరెంటు కట్ చేయలేదంటే బిల్లు కట్టినట్టే. కానీ కట్ అయిందంటే బిల్లు కట్టలేదని అనడానికి లేదు, లైను మరమ్మతు జరుగుతోందేమో. ‘టికెట్ లేనిదే లోపలికి పంపరు’ కూడా అంతే: లోపలున్నవారి దగ్గర టికెట్ ఉంది, టికెట్ ఉన్న ప్రతివారినీ పంపుతారన్న మాట అందులో లేదు.

వ్యతిరేకం ఎప్పుడూ ఎదుటి కొసకు తీసుకెళ్లదు. పండు తియ్యగా లేదంటే పుల్లగా ఉందని కాదు, చప్పగా ఉండవచ్చు. ‘మీరు రానక్కరలేదు’ అన్నదాన్ని ‘రాకూడదు’ అని తీసుకుంటే బంధుత్వాలు తెగుతాయి. ‘ఆయన మాటలో నిజం లేకపోలేదు’ అన్నప్పుడు రెండు వ్యతిరేకాలు కొట్టుకుపోయి మిగిలేది కొంత నిజం ఉందన్నంతే, ఆయన చెప్పిందంతా నిజమని కాదు.

చివరగా, కనబడకపోవడం నుంచి లేకపోవడానికి వెళ్లే దారి ఉంది. మన శాస్త్రకారులు దీనికి పెట్టిన షరతు చాలా విలువైనది: ఉంటే తప్పక కనబడి ఉండేది, కానీ కనబడలేదు అన్నప్పుడే లేదని తేల్చాలి. దీన్ని యోగ్యానుపలబ్ధి అంటారు. వెలుతురున్న గదిలో బల్ల మీద కుండ కనబడలేదంటే లేనట్టే, చీకటి గదిలో కనబడలేదంటే ఏమీ తేలలేదు. జ్వరం వచ్చిన రెండో రోజున వ్యాధిని ఎదుర్కోవడానికి శరీరం తయారుచేసే ప్రతిరక్షకాలను వెతికే డెంగీ ఐజీఎం పరీక్ష చేయించి ‘నెగెటివ్’ అని వస్తే ‘డెంగీ లేదు’ అని నిశ్చింతగా ఉండరాదు, ఎందుకంటే ఆ ప్రతిరక్షకాలు రక్తంలో కనబడే స్థాయికి రావడానికి సాధారణంగా నాలుగైదు రోజులు పడుతుంది. ఆ తొలి రోజుల్లో వైరస్ ప్రోటీన్‌ను నేరుగా వెతికే ఎన్‌ఎస్‌1 పరీక్ష చేయించాలా, ఐజీఎం మళ్లీ ఎప్పుడు చేయించాలి అన్నది డాక్టరును అడగాలి. స్థలం కొనేవారికి సబ్‌రిజిస్ట్రారు కార్యాలయం ఇచ్చే నిల్ ఈసీ (లావాదేవీలేవీ కనబడలేదన్న ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) కూడా ఇలాంటిదే. అడిగిన సంవత్సరాల మధ్య ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీ కనబడలేదని అది చెబుతుంది. అంతకు ముందు సంవత్సరాల్లో జరిగినవీ, రిజిస్టరు కాని అమ్మకపు ఒప్పందాలూ, వారసుల మధ్య ఉన్న తగాదాలూ ఆ కాగితం వెతికిన చోటులో లేవు. అందుకని ఈసీ చేతికి రాగానే ముందు అందులో ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు వెతికారో చూసి, మిగిలిన కాలానికి మరో ఈసీ అడగాలి, ఆ తర్వాత లింకు డాక్యుమెంట్లు, అంటే ఆస్తి ఒకరి నుంచి ఒకరికి మారిన పాత దస్తావేజులు, తెప్పించుకుని, స్థలం దగ్గరికి వెళ్లి ఎవరి స్వాధీనంలో ఉందో చుట్టుపక్కల వారిని విచారించాలి.