ఫోటోల్లో సగం నలుపు, తప్పు ఫ్లాష్‌ది కాదు (నా అనుభవం)

మా అక్క కూతురి ఓణీల ఫంక్షన్ ముందు ఒక మాన్యువల్ ఫ్లాష్ కొన్నా, టీటీఎల్ (కెమెరాయే లైటు కొలిచి ఫ్లాష్ పవర్ సెట్ చేసే పద్ధతి) ఉన్నవి రేటెక్కువని వదిలేశా. తీరా చూస్తే ప్రతి ఫోటోలో కింద సగం నలుపే, పాప మొహం ఉంది, ఓణీ లేదు! ఫ్లాష్ పోయిందనుకుని సెల్స్ కూడా మార్చా. అసలు సంగతేంటంటే పిల్లలు కదులుతున్నారని షట్టర్ స్పీడ్ 1/500 సెకను పెట్టేశా, నా కెమెరా సింక్ స్పీడేమో (అంటే ఫ్లాష్‌తో వాడగలిగే గరిష్ఠ షట్టర్ స్పీడ్) 1/200, అది దాటితే ఫ్లాష్ వెలిగే టైముకి షట్టర్ పూర్తిగా తెరుచుకుని ఉండదు. 1/160కి దించగానే నలుపు పోయింది. తర్వాత ఫ్లాష్ తల పైకి తిప్పి తెల్ల సీలింగ్‌కి కొడితే మొహాల మీద ఆ జిడ్డు మెరుపు కూడా తగ్గింది. షామియానా కింద మాత్రం ఈ ట్రిక్ వద్దు, ఎర్ర గుడ్డైతే అందరూ ఎర్రగా వస్తారు.