సింహళ రాగి మస్సను ఎలా గుర్తుపట్టాలి?

పాత నాణేల గుట్టలో నల్లబడిన రాగి బిళ్ల, దాని మీద గీతల్లో గీసినట్టు నిలబడ్డ మనిషి కనిపిస్తే పక్కన పడేయకండి. మధ్యయుగ శ్రీలంకలో చిల్లరగా చెల్లిన 'మస్స' అది కావచ్చు.

దాని మూలం బంగారం. 9, 10 శతాబ్దాల్లో అక్కడ చెల్లిన 'కహవణు' బంగారు నాణెం సుమారు 4.4 గ్రాములు తూగేది. తర్వాత వన్నె తగ్గుతూ వచ్చి, పొలొన్నరువ నుంచి ఏలిన మొదటి పరాక్రమబాహు (1153–1186) నాటికి అదే బొమ్మ ఉత్త రాగి మీద పడింది. కాబట్టి బొమ్మ చూసి లోహాన్ని నమ్మకూడదు.

ముందుగా ఒక మాట: తోమకండి. చింతపండు, నిమ్మరసం అసలే వద్దు. పైపొరతో పాటు అక్షరాలూ పోతాయి. డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి మెత్తటి బ్రష్‌తో మట్టి తీస్తే చాలు.

పసుపుగా మెరుస్తూ బంగారమేమోనని అనుమానం కలిగిస్తే నీళ్లలో తూచండి. 0.01 గ్రాము దాకా చూపే కాటా కావాలి. ముందు నాణేన్ని పొడిగా తూచండి. తర్వాత నీళ్ల గ్లాసును కాటా మీద పెట్టి అంకెను సున్నా చేయండి. నాణేన్ని సన్నటి దారంతో కట్టి, అడుగుకీ అంచుకీ తగలకుండా పూర్తిగా ముంచండి. బుడగలుంటే లెక్క తప్పుతుంది. 4.20 గ్రాముల నాణెం రాగిదైతే కాటా 0.47 చూపుతుంది, మేలిమి బంగారమైతే 0.22. రెండూ సగం సగం బరువున కలిస్తే 0.34 దగ్గర ఆగుతుంది. వెండి కూడా కలిసిన నాణేనికి ఈ లెక్క ఒక్కటే సరిపోదు. ల్యాబ్‌లో ఎక్స్‌రే పరీక్ష చేయించాలి.

ఇక బొరుసు తిప్పండి. కూర్చున్న మనిషి, పక్కన నాగరి లిపిలో రాజు పేరు ఉంటాయి. రాజరాజ చోళుడి (985–1014) రాగి కాసు కూడా అచ్చం ఇలాగే ఉంటుంది, దాని మీద 'శ్రీ రాజరాజ' అని ఉంటుంది. తేడా తేల్చేది పేరే. గది చీకటి చేసి, ఫోన్ లైటును నాణెం అంచు వైపు నుంచి పడుకోబెట్టినట్టు పట్టుకుని మెల్లగా చుట్టూ తిప్పండి. అరిగిన అక్షరం నీడగా లేస్తుంది. బడిలో హిందీ చదివినవాళ్లు కాస్త ఓపిక పడితే కూడబలుక్కోవచ్చు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది 'శ్రీ రాజ లీలావతి'. 1197, 1212 మధ్య మూడుసార్లు గద్దెనెక్కిన రాణి ఆమె. ఆ పేరు కనిపిస్తే నాణెం బరువు, అడ్డుకొలత రాసుకుని, రెండు వైపులా ఫొటో తీసి, నాణేన్ని పొడి కాగితపు కవరులో విడిగా దాచండి.