మైనారిటీ సంకీర్ణ ప్రభుత్వం నిలబడుతుందో లేదో లెక్కగట్టే విధానం

విజయవాడలోనైనా గుంటూరులోనైనా ఎన్నికల ఫలితాలు వెలువడిన రాత్రికే ఏ పార్టీకి ఎన్ని సీట్లు వచ్చాయో నోటికి చెప్పగలిగేవారు వీధికి పదిమంది ఉంటారు. ఎవరికీ మెజారిటీ రాని సభ ఏర్పడినప్పుడు మాత్రం మన చర్చ ‘ఎవరికి ఎన్ని తగ్గాయి’ అన్నచోటే ఆగిపోతుంది. అసలు లెక్క అక్కడినుంచే మొదలవుతుంది. బ్రాడీపేటలో గ్రూప్స్ పరీక్షలకు చదువుకుంటున్నవారికీ, రాజనీతిశాస్త్రం చదివే డిగ్రీ విద్యార్థులకూ, రోజూ శ్రద్ధగా పత్రిక చదివే ఎవరికైనా ఈ లెక్క తెలిసి ఉండాలన్నది నా గట్టి నమ్మకం. ఎందుకంటే మైనారిటీ ప్రభుత్వానికి ఆయువు పోసేది దాని సొంత బలం కన్నా, దాన్ని పడగొట్టగలిగినవాళ్లు ఒకే రోజు ఒకే వైపు ఓటు వేయలేకపోవడమే.

ముందుగా సంకీర్ణం వేరు, మైనారిటీ వేరు అన్నది స్పష్టం చేసుకోవాలి. ఒకటికి మించిన పార్టీలు కలిసి మంత్రివర్గం ఏర్పరిస్తే సంకీర్ణం; ప్రభుత్వంలోని పార్టీలకు సభలో సగానికి మించి స్థానాలు లేకపోతే మైనారిటీ ప్రభుత్వం. 2024లో బీజేపీకి వచ్చినవి 240 స్థానాలే అయినా, తెలుగుదేశం 16తో సహా ఎన్డీయే కూటమికి 293 ఉన్నాయి. గుంటూరు ఎంపీ పెమ్మసాని చంద్రశేఖర్ కేంద్రంలో సహాయ మంత్రి అయ్యారు. లోక్‌సభలో 543 స్థానాలకు మెజారిటీ 272 కనుక అది సంకీర్ణమే గాని మైనారిటీ ప్రభుత్వం కాదు. 1991లో పి.వి. నరసింహారావుది మైనారిటీ ప్రభుత్వం, కాని సంకీర్ణం కాదు. 1989 నాటి నేషనల్ ఫ్రంట్, 1996 నాటి యునైటెడ్ ఫ్రంట్ మాత్రం రెండూను.

ఇప్పుడు నోటుపుస్తకంలో ఒక పేజీని నిలువుగా నాలుగు గళ్లు చేయండి: మంత్రివర్గంలో ఉన్న పార్టీలు, బయటినుంచి మద్దతు ఇస్తున్నవి, తటస్థులు, ప్రతిపక్షం. అభ్యాసానికి 1989 ఫలితాలే మంచివి. విద్యార్థులతో ఈ పని చేయించినప్పుడల్లా నేను గమనించేది ఏమిటంటే, నేషనల్ ఫ్రంట్‌లోని జనతాదళ్ 143కు, బయటినుంచి మద్దతు ఇచ్చిన బీజేపీ 85నూ వామపక్షాలనూ కలిపి, మెజారిటీ దాటిందని చూసి పెన్ను కింద పెట్టేస్తారు. పెట్టకూడదు. మరో కూడిక చేయాలి. కాంగ్రెస్‌కు 197, బీజేపీకి 85, కలిపితే 282. అంటే జనతాదళ్ నేత వి.పి. సింగ్ ప్రధానిగా ప్రమాణం చేసిన నాడే, ఆయనను దించగలిగిన సంఖ్య సభలో సిద్ధంగా ఉంది. కాకపోతే ఆ రెండు పార్టీలను ఒక వైపు చేర్చగల అంశం ఇంకా పుట్టలేదు. 1990 అక్టోబరులో బీజేపీ నేత అద్వానీ అయోధ్య రథయాత్ర ఆగి, ఆయన అరెస్టు కాగానే బీజేపీ మద్దతు ఉపసంహరించుకుంది. నవంబరు 7న విశ్వాస తీర్మానానికి అనుకూలంగా 142, వ్యతిరేకంగా 346 ఓట్లు పడ్డాయి. కాబట్టి పేజీ అడుగున ‘ఏయే పార్టీలు కలిస్తే ప్రభుత్వం పడిపోతుంది, వాటిని ఏ అంశం కలపగలదు’ అన్న వాక్యాన్ని రాసి, దానికి సమాధానం నింపాకే ముందుకు వెళ్లండి.

తరువాత, బయటి పార్టీ రాష్ట్రపతికో గవర్నరుకో ఇచ్చే మద్దతు లేఖ సంగతి. ‘బేషరతుగా’ అని ఉందా, ‘అంశాలవారీగా’ అని ఉందా అన్నది పత్రికల్లో ఏదో ఒక మూల వస్తుంది. దాన్ని వెతికి రాసుకోవాలి. అయితే లేఖ ఇచ్చినంత మాత్రాన బలం రుజువైనట్టు కాదు. బలాబలాలు తేలవలసింది సభలోనే తప్ప రాజ్‌భవన్‌లో కాదని ఎస్.ఆర్. బొమ్మై కేసులో సుప్రీంకోర్టు 1994లో తేల్చి చెప్పింది.

మంత్రివర్గ జాబితాను మాత్రం తీరికగా కూర్చుని చదవాలి. పొత్తులో ఎవరి మాట ఎంత చెల్లుతుందో అందులోనే కనిపిస్తుంది. హోం, ఆర్థికం, రక్షణ, విదేశాంగం ఎవరికి దక్కాయో చూడండి. కేబినెట్ హోదా ఎవరికి, సహాయ మంత్రి పదవితో సరిపెట్టుకున్నది ఎవరో చూడండి. 2003 నాటి 91వ రాజ్యాంగ సవరణ తరువాత మంత్రుల సంఖ్య దిగువ సభలో 15 శాతం దాటకూడదు కనుక, కేంద్రంలో 81 మందికి, 175 స్థానాలున్న మన శాసనసభ లెక్కన రాష్ట్రంలో 26 మందికి మించి అవకాశం లేదు. అలిగిన ప్రతి పక్షానికీ ఒక పదవి సృష్టించి ఇచ్చే వెసులుబాటు లేదు కాబట్టి, ఒకరికి ఇచ్చింది మరొకరికి ఇవ్వనిదే అవుతుంది.

ఇంతకంటే ముఖ్యం, జాబితాలో లేని పార్టీ. 1996లో సీపీఐ యునైటెడ్ ఫ్రంట్ మంత్రివర్గంలో చేరింది, ఇంద్రజిత్ గుప్తా హోం మంత్రి అయ్యారు; సీపీఎం బయటే ఉండిపోయింది. 140 మంది సభ్యులున్న కాంగ్రెస్ కూడా ఒక్క శాఖా తీసుకోకుండా బయటినుంచి నిలబెట్టింది. బాధ్యత లేదు, అధికారం మాత్రం ఉంది; నా దృష్టిలో సంకీర్ణానికి ఇంతకు మించిన బలహీనత లేదు. 1997లో అదే కాంగ్రెస్ మద్దతు తీసేయడంతో ఏప్రిల్ 11న ప్రధాని దేవెగౌడ విశ్వాస తీర్మానంలో ఓడిపోయారు. కాని ఎన్నికలు రాలేదు. నాయకుడిని మార్చమన్నారు, మార్చారు; పది రోజులకు అదే ఫ్రంట్ తరఫున ఐ.కె. గుజ్రాల్ ప్రమాణం చేశారు. మద్దతు పోయిందన్న వార్త రాగానే ఎన్నికలు ఖాయమని తేల్చేయకుండా, కోపం ప్రభుత్వం మీదా, వ్యక్తి మీదా అన్నది విడదీసి చూడాలి.

ఇతర దేశాల్లోనూ ఇదే గీటురాయి పనికొస్తుంది. స్వీడన్‌లో 2022 ఎన్నికల తరువాత ప్రభుత్వం ఏర్పరచిన మూడు పార్టీలకు కలిపి 349లో 103 స్థానాలే ఉన్నాయి. బయటినుంచి మద్దతు ఇచ్చిన స్వీడన్ డెమోక్రాట్లకు 73 ఉన్నాయి. ఇది ప్రభుత్వంలోని ఏ ఒక్క పార్టీ బలం కన్నా ఎక్కువే. మొత్తం 176. అక్కడి రాజ్యాంగం ప్రకారం ప్రధానిగా ప్రతిపాదించిన వ్యక్తికి అనుకూలంగా మెజారిటీ ఉండనక్కరలేదు, వ్యతిరేకంగా 175 ఓట్లు పడకుంటే చాలు. ‘పడగొట్టేవారి లెక్క’ అన్న సూత్రాన్ని అక్కడ చట్టంగానే రాసుకున్నారు.

గోడమీది క్యాలెండరులో బడ్జెట్ సమావేశాలను గుర్తు పెట్టుకోండి. శాఖల పద్దుల మీద గానీ, ఖజానా నుంచి డబ్బు తీసి ఖర్చు పెట్టడానికి అనుమతించే ద్రవ్య వినిమయ బిల్లు మీద గానీ ఓడిన ప్రభుత్వం కొనసాగలేదు. రాష్ట్రపతి ప్రసంగానికి ధన్యవాద తీర్మానం కూడా అలాంటి పరీక్షే. వి.పి. సింగ్ తరువాత కాంగ్రెస్ మద్దతుతో గద్దెనెక్కిన ప్రధాని చంద్రశేఖర్ పూర్తి బడ్జెట్ పెట్టకుండానే 1991 మార్చి 6న రాజీనామా చేశారు.

ఇక ఓటింగు రోజు. ఆ రోజున 272ను పట్టుకుని కూర్చోకూడదు. సభకు వచ్చి ఓటు వేసినవారిలో ఎవరు ఎక్కువ అన్నదే ప్రశ్న. 1993 జులై 28న పి.వి. ప్రభుత్వం మీది అవిశ్వాసం 251–265తో వీగిపోయింది. ఓటు వేసినవారు 516 మంది కనుక 265 సరిపోయింది. అందుచేత విప్ (ఎలా ఓటు వేయాలో సభ్యులకు పార్టీ ఇచ్చే ఆదేశం) ఎవరు జారీ చేశారు, ఎవరు గైర్హాజరయ్యారు అన్నది అయిదో గడిగా చేర్చండి. స్పీకరు స్థానాన్నీ మరచిపోవద్దు. ఓట్లు సమానమైతే తప్ప స్పీకరు ఓటు వేయరు కనుక, ఆ పదవి తీసుకున్న పక్షానికి సభలో ఒక ఓటు తగ్గినట్టే. 1998లో వాజపేయి ప్రభుత్వానికి బయటినుంచి మద్దతు ఇచ్చిన తెలుగుదేశానికి 12 మంది సభ్యులుండగా, వారిలో జి.ఎం.సి. బాలయోగి స్పీకరయ్యారు. 1999 ఏప్రిల్ 17న ఆ ప్రభుత్వం 269–270తో ఓడింది. ఒడిశా ముఖ్యమంత్రి అయివుండి, లోక్‌సభ సభ్యత్వం ఇంకా వదులుకోని గిరిధర్ గమాంగ్ ఓటు ఆ 270లో ఒకటి.

ఒక్క ఓటు తేడా మనవారికి కొత్త కాదు. గుంటూరులో హైకోర్టు, కర్నూలులో శాసనసభ ఉన్న ఆంధ్ర రాష్ట్రంలో, ఏ పార్టీకీ సొంత మెజారిటీ లేని సభలో, మద్యనిషేధం విషయమై వచ్చిన అవిశ్వాసంలో 1954 నవంబరులో టంగుటూరి ప్రకాశం ప్రభుత్వం ఒకే ఒక్క ఓటుతో పడిపోయింది.

కనుక మీ పేజీని ప్రమాణస్వీకారం నాడు నింపి మూసేయకండి. ఒక సభ్యుడు మరణించినా, రాజీనామా చేసినా, అనర్హతకు గురైనా, ఉప ఎన్నికలో స్థానం చేతులు మారినా ఆ రోజే తేదీ వేసి గళ్లలో అంకెలు దిద్దండి; దిద్దిన ప్రతిసారీ అడుగునున్న రెండో కూడికను మళ్లీ మొదటినుంచి చేయండి.