రోమన్ కంచు నాణెం ఎవరిదో గుర్తుపట్టడం ఎలా?

ముందు ఆ చింతపండు పక్కన పెట్టండి. మెరిస్తే సులువుగా తెలుస్తుందని మా బంధువొకాయన తోమి తెచ్చారు. ఆకుపచ్చ పొరతో పాటు అక్షరాలూ పోయాయి.

పదిరెట్లు చూపే భూతద్దం, చిన్న కాటా, స్కేలు, టేబుల్ ల్యాంప్ చాలు.

1. తూచి, అడ్డకొలత రాసుకోండి. 15–18 మిల్లీమీటర్లు, 1.5–2.5 గ్రాములు ఉంటే 4వ శతాబ్దపు రోమన్ చక్రవర్తి కాన్‌స్టంటైన్ కుటుంబానిది కావచ్చు.

2. వెనక్కి తిప్పండి. ఇద్దరు సైనికుల మధ్య రెండు జెండా కర్రలుంటే 330–335, ఒకటే ఉంటే ఆ తర్వాతది. సైనికుడు గుర్రం మీది శత్రువును పొడుస్తుంటే 348 లేదా ఆ తర్వాతది. తోడేలు, దాని కింద కవల పిల్లలు ఉంటే ముందువైపు చక్రవర్తి కోసం వెతకొద్దు, అది రోమా దేవత తల.

3. పేరు. అందరూ బోల్తా పడేది ఇక్కడే. ఫొటో తీసి యాప్‌ని అడుగుతారు, అది ముఖం చూసి ఏదో చెబుతుంది. తండ్రికీ కొడుకులకీ ముఖాలు దాదాపు ఒకే అచ్చు, ముఖాన్ని నమ్మకండి.

దీపం ఎడమవైపు, బాగా వాలుగా పెట్టండి. రాత ఎడమ కింద మొదలై గడియారం ముల్లులా తిరుగుతుంది. 'యు' ఉండదు, దాని చోట 'వి' చెక్కుతారు.

పేరును మొదటి నుంచి చదవకండి. కాన్‌స్టాంటినస్ (అంటే కాన్‌స్టంటైన్, లాటిన్‌లో), కాన్‌స్టాంటియస్, కాన్‌స్టాన్స్ మూడు పేర్లకీ మొదటి ఏడక్షరాలు ఒకటే. తోక పట్టుకోండి. చివరి 'వి-ఎస్'కి ముందు 'ఎన్' ఉంటే కాన్‌స్టాంటినస్, 'ఐ' ఉంటే కాన్‌స్టాంటియస్. 'వి' అసలు లేకుండా 'ఎన్-ఎస్'తో ముగిస్తే కాన్‌స్టాన్స్. తరచూ పేరు మధ్యలో తల అడ్డొచ్చి రాత రెండు ముక్కలవుతుంది, కిరీటం పక్కనున్న అక్షరం అరిగిపోతుంది. ఊహించి పూరించకండి. దీపాన్ని అలాగే ఉంచి నాణేన్ని కొంచెం కొంచెం తిప్పుతూ నీడ చూడండి. నిలువు గీత ఒక్కటే కనబడితే 'ఐ' అని సంబరపడొద్దు, అరిగిన 'ఎన్' కూడా అలాగే ఉంటుంది. పక్క అక్షరానికి ఎంత ఖాళీ ఉందో కొలవండి.

తర్వాత బిరుదు. కాన్‌స్టాంటినస్ పేరు పక్కన 'మాక్స్ ఆగ్' ఉంటే చాలావరకు తండ్రి, మహా కాన్‌స్టంటైన్. 'నోబ్ సి' అంటే సీజర్, అంటే యువరాజు. అది చాలావరకు కొడుకుది.

4. సైనికుల కాళ్ల కింద గీత, దాని కింద టంకశాల గుర్తు. 'ఎస్ఎంఏఎన్' ఆంటియోక్, 'సిస్' సిస్కియా, 'టిఆర్' ట్రియర్.

5. అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ వారి 'ఓసీఆర్‌ఈ' అనే ఆన్‌లైన్ నాణేల జాబితా ఉచితం. పేరు, వెనక బొమ్మ, టంకశాల ఇచ్చి వెతకండి. మూడూ కలిసిన నంబరునే నాణెం కవరు మీద రాయండి, పెన్సిల్‌తో.